పెరటి కుంటలో చేపలు, ఒడ్డున కొంగ

దక్షిణ తెలంగాణలో ఇంటి పెరట్లో చేపలు పెంచేవారికి అసలు కష్టకాలం శివరాత్రి దాటిన తరువాత మొదలవుతుంది. అప్పటికి ఊరి బయటి కుంటలు అడుగంటి బురద పగుళ్లు వారుతుంది, చిన్న చెరువులు నడిమధ్య ఒక మడుగుగా మిగులుతాయి, వానాకాలం నుంచి ఆ నీళ్ల మీద బతికిన కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు ఎక్కడ తడి కనిపిస్తే అక్కడికి చేరుతాయి. నాగార్జునసాగర్, డిండి, కోయిల్‌సాగర్, జూరాల వంటి జలాశయాల దాపున ఉన్న పక్షులకు ఎండాకాలంలోనూ తిండికి లోటుండదు. దేవరకొండ, మర్రిగూడ, కల్వకుర్తి వైపు మెట్ట ఊళ్లలో మాత్రం ఒక ఇంటి వెనుక మెరిసే నాలుగు మూరల నీళ్లు కూడా వాటికి వదులుకోరాని ఆధారమవుతాయి. మన చేపలను అవి ఎత్తుకుపోవడం పగతోనూ కాదు, దురాశతోనూ కాదు. ఈ సంగతి మనసులో నిలుపుకొని ఏర్పాట్లు చేసుకుంటే చేపలూ దక్కుతాయి, పక్షులకూ హాని జరగదు.

మా ఇల్లు దేవరకొండ వైపు ఒక ఊళ్లో ఉంది. ఇంటి వెనుక జాగలో ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు ఉన్న చిన్న కుంట ఉంది. దానికి బోరు నీళ్లే ఆధారం. అందులో బొచ్చె, రవ్వ చేపలు, పిల్లలు ముచ్చటపడి తెచ్చుకున్న కొన్ని రంగుల కోయి చేపలు, ఒక మూల తామర ఉన్నాయి. ఇటువంటి కుంటలు ఈ మధ్య మా చుట్టుపక్కల బత్తాయి తోటల్లోనూ, ఊళ్ల ఇళ్లలోనూ పెరుగుతున్నాయి. వాటి యజమానులలో చాలామంది మొదటి ఎండాకాలానికే సగం చేపలు పోగొట్టుకొని, ఆ తరువాత విసుగుతో కుంటను పూడ్చివేయడమో, కోపంతో పక్షుల మీద పడడమో చేస్తున్నారు. ఆ రెండూ అవసరం లేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ప్రతి పక్షికీ తనదైన వేట పద్ధతి ఉంటుంది. ఆ పద్ధతికి కావలసిన వీలును కుంటలో లేకుండా చేస్తే అది తనంతట తానే వేరే చోటు చూసుకుంటుంది.

కాబట్టి ముందుగా వచ్చేది ఏ పక్షో గుర్తించాలి. మన ఇళ్ల దగ్గర అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది గుడ్డికొంగ. మట్టి రంగు చారలతో ఒడ్డున మెడ ముడుచుకొని కూర్చుంటే పది అడుగుల దూరంలో ఉన్నవారికి కూడా కనిపించదు, లేచి ఎగిరినప్పుడు మాత్రం రెక్కలు తెల్లగా మెరుస్తాయి. దాని కాళ్లు పొట్టివి, జానెడు లోతు దాటిన నీళ్లలో అది నిలబడి వేటాడలేదు. చిన్న తెల్లకొంగ నల్లని ముక్కుతో, పసుపుపచ్చని పాదాలతో ఉండి, పలుచని నీళ్లలో అటూ ఇటూ నడుస్తూ చేపలను బెదరగొట్టి పట్టుకుంటుంది. బూడిద రంగు నారాయణ పక్షి వీటన్నిటికంటే పెద్దది. అది దాదాపు మూరెడు లోతు దాకా దిగగలదు, అరచేతి కంటే పెద్ద చేపను కూడా మింగగలదు. చింతవక్క పగలంతా చెట్టు కొమ్మల్లో నిద్రపోయి, మునిమాపు వేళ, రాత్రిపూట వేటకు దిగుతుంది. పగలు కాపలా కాసి కూడా చేపలు తగ్గిపోతున్నాయని వాపోయేవారు ఒకసారి రాత్రి తొమ్మిది గంటలకు టార్చిలైటు పట్టుకొని కుంట దగ్గరికి వెళ్లి చూడడం మంచిది.

లకుముకి పిట్టల పద్ధతి వేరు. చిన్న నీలి లకుముకి నీళ్ల మీదికి వంగిన కొమ్మ మీదనో, పైపు మీదనో కూర్చొని, పైపొరలో తిరిగే వేలెడంత చేపపిల్లను చూసి తలకిందులుగా దూకుతుంది. నలుపు తెలుపు చారల లకుముకికి కూర్చోవడానికి కొమ్మ కూడా అక్కరలేదు, గాలిలోనే ఒక్కచోట రెక్కలాడిస్తూ నిలిచి కిందికి దూకగలదు. గోధుమ రంగు తల, తెల్లని గొంతు ఉన్న పెద్ద లకుముకి మాత్రం మిడతలు, తొండలు, కప్పల మీదనే ఎక్కువగా బతుకుతుంది. అది మన తీగ మీద కూర్చున్నంత మాత్రాన చేపల కోసమే వచ్చిందని అనుకోవలసిన పని లేదు.

నీటికాకి అన్నిటికంటే ప్రమాదకరమైనది, ఎందుకంటే లోతు దానికి అడ్డు కాదు. నీళ్లలో మునిగి, పాదాలతో ఈదుతూ చేపను తరుముతుంది. ఒక్కటి వచ్చిన చోటికి మరునాడు మూడు నాలుగు రావడం మామూలే. అయితే దానికీ ఒక ఇబ్బంది ఉంది. దాని ఈకలు తడిసిపోతాయి కాబట్టి వేట ముగిశాక ఒడ్డునో, మోడు మీదనో రెక్కలు చాచి ఆరబెట్టుకోవాలి, నీటి నుంచి లేచేటప్పుడు కొంత దూరం నీళ్ల మీద పరుగు తీయాలి. ఈ రెండిటికీ చోటు లేని కుంటలో దిగడానికి అది వెనుకాడుతుంది.

గరుడ పక్షి, నల్లగద్ద నీళ్లలో మునగవు. పైకి తేలిన చేపనో, చచ్చిన చేపనో కాళ్లతో తన్నుకుపోతాయి. ఇక నిర్దోషులను కూడా చెప్పుకోవాలి. పశువుల వెంట తిరిగే ఉన్నికొంగ పురుగులను, మిడతలను ఏరుకుంటుంది, చేపల జోలికి రావడం అరుదు. ముక్కు మధ్యలో సందు కనిపించే నత్తగుల్ల కొంగ నత్తలను తింటుంది, చేపలు పెంచేవారికి అది మేలు చేసే పక్షి. తెల్లగా కనిపించిన ప్రతి కొంగ మీదా రాయి విసిరే అలవాటును మన పిల్లల చేత మాన్పించాలి.

పక్షి కంట పడకపోయినా ఆనవాళ్లు ఉంటాయి. ఒడ్డున తడి మట్టిలో పొడవాటి మూడు వేళ్ల ముందు జాడ, వెనుక ఒక వేలు, తెల్లని సున్నం మరకల వంటి రెట్ట కనిపిస్తే కొంగ వచ్చి వెళ్లింది. బతికి ఉన్న చేప వీపు మీద ముక్కుతో పొడిచిన లోతైన గాయం ఉంటే అది పెద్ద కొంగ గురి తప్పిన గుర్తు. గాయమేమీ లేకుండా చేపలు రోజురోజుకూ తగ్గుతూ, మిగిలినవి మేతకు కూడా పైకి రాకుండా అడుగున నక్కితే నీటికాకిని అనుమానించాలి. ఒడ్డున తల మాత్రం మిగిలిన చేప, చెల్లాచెదురైన పొలుసులు కనిపిస్తే అది పిల్లి పనో, ముంగిస పనో కావచ్చు, ఎందుకంటే చేపలు తినే పక్షులు చేపను సాధారణంగా తల వైపు నుంచి నిలువునా మింగివేస్తాయి.

ఇన్ని పక్షులున్నా, ఇంటి కుంటల్లో జరిగే నష్టంలో పెద్ద భాగం కొంగల వల్లనే, అందులోనూ అంచుల దగ్గరి పలుచని నీళ్ల వల్లనే జరుగుతుందని నా పరిశీలన. చెరువు మీద బతుకంతా గడిపిన ఒక బెస్త తాత మా కుంటను చూడడానికి వచ్చినప్పుడు, చేపలను చూడకముందే ఒడ్డు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, “కొంగ నీళ్లల్ల దుంకదు బిడ్డా, ఒడ్డు మీద దిగి నడుసుకుంట పోతది. దాన్ని నడ్వనియ్యకు, సాలు” అన్నారు. “మరి నీటికాకి సంగతేంది తాతా?” అని అడిగితే, “అదొచ్చినప్పుడు సూద్దువు, ముందు ఒడ్డు సక్కజేస్కో” అని సమాధానం చెప్పారు. ఆయన మాటలోని వరుస సరైనదని ఇప్పటికీ నమ్ముతున్నాను. వలల కోసం బజారుకు పోకముందే ఒడ్డును సరిచేయాలి.

కుంట తవ్వేటప్పుడు మన దగ్గర సాధారణంగా పళ్లెంలా, నాలుగు వైపులా ఏటవాలుగా తవ్వుతారు. నల్లరేగడిలోనూ, దుబ్బ నేలలోనూ ఒడ్డు కూలకుండా ఉండడానికి అది అవసరమే. కానీ ఆ ఏటవాలు నీటి అంచు దగ్గర జానెడు నుంచి మూరెడు లోతున్న వెడల్పాటి పట్టీని తయారుచేస్తుంది, కొంగకు కావలసింది సరిగ్గా అదే. చేపపిల్లలు కూడా ఎండపొడకు వెచ్చబడిన ఆ అంచు నీళ్లలోనే గుంపు కడతాయి. ఇంటి కుంటకు పైనుంచి కనీసం మూడడుగుల వరకు నిలువు గోడ కట్టుకుంటే ఈ పట్టీయే ఉండదు. మా వైపు దొరికే నాపరాళ్లతోనో, రాతి కడీలతోనో దీనిని తక్కువ ఖర్చుతో కట్టుకోవచ్చు. నీటి మట్టం గోడ పైఅంచుకు ఒక అడుగు కిందికి ఉండేలా చూసుకుంటే, గట్టు మీద నిలబడి మెడ చాచి పొడవడం కూడా చిన్న కొంగలకు సాధ్యం కాదు. నడిమధ్య లోతు ఐదారు అడుగులు ఉండాలి. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో మే నెలలో ఎండ నలభై మూడు డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి కాబట్టి, ఆ లోతు చేపలకు పక్షుల నుంచే కాకుండా వేడి నుంచి కూడా ఆశ్రయం ఇస్తుంది. నిలువు గోడ కట్టినప్పుడు ఒక మూల గరుకైన రాళ్లతో సన్నని మెట్ల వరుసనో, ఒక ఏటవాలు పలకనో తప్పకుండా పెట్టాలి. లేకపోతే నీళ్లు తాగడానికి వచ్చి పడిపోయిన ఉడుతలు, తొండలు, కోడిపిల్లలు పైకి రాలేక చనిపోతాయి.

ఇప్పటికే ఏటవాలుగా తవ్విన కుంట ఉన్నవారు దానిని పూడ్చనక్కర లేదు. అంచు పొడవునా ముళ్లు లేని పొదలను, నిమ్మగడ్డి దుబ్బులను దట్టంగా పెంచి, కొంగ దిగి నడిచే బాటను మూసివేయవచ్చు. దానితో పాటు నీటి అంచు చుట్టూ చిన్న గుంజలు పాతి, నేలకు జానెడు ఎత్తున ఒక తీగ, మూరెడు ఎత్తున ఇంకొక తీగ బిగించి కట్టాలి. నడిచి వచ్చే కొంగ కాలికో, రొమ్ముకో తీగ తగలగానే ఆగిపోతుంది, దానిని ఎగిరి దాటి నేరుగా నీళ్లలో దిగడానికి సాధారణంగా ఇష్టపడదు. ఈ తీగ కంటికి కనిపించేంత లావుగా ఉండాలి. ఎట్టి పరిస్థితిలోనూ దీనికి కరెంటు కలపకూడదు. అడవిపందుల కోసం పొలాల్లో పెట్టిన కరెంటు తీగలకు మనుషులు, పశువులు బలవుతున్న వార్తలు ప్రతి ఏడూ వింటూనే ఉన్నాము. చేపల కోసం అటువంటి పని తలపెట్టడం నేరమూ, పాపమూ కూడా.

ఎండాకాలంలో ఇంకొక చిక్కు ఉంది. మా వైపు పొడి గాలులకు మే నెలలో నీరు రోజుకు దాదాపు ఒక సెంటీమీటరు ఆవిరైపోతుంది. నెల రోజులు నీళ్లు కలపకపోతే దాదాపు ఒక అడుగు మేర మట్టం పడిపోతుంది, శీతాకాలంలో లోతుగా ఉన్న చోటే చైత్ర వైశాఖాలకు కొంగ నిలబడే చోటు అవుతుంది. అందువల్ల మట్టాన్ని నిలుపుకోవడం కూడా రక్షణలో భాగమే. బోరు నీళ్లలో కరిగిన ప్రాణవాయువు తక్కువగా ఉంటుంది కాబట్టి పైపును నీళ్లలో ముంచకుండా, ఎత్తు నుంచి రాయి మీద పడి చిమ్మేలా వదలాలి.

ఒడ్డు చక్కబడిన తరువాత వల గురించి ఆలోచించాలి. దీని గురించి కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే చేపలను కాపాడే ఈ వలే పక్షుల పాలిట, పాముల పాలిట ఉరిగా మారడం చాలా చోట్ల చూస్తున్నాను. పాతబడి చిరిగిన చేపల వలలను, సన్నని దారపు వలలను కుంట మీద పరిచేవారు ఎక్కువ. ఆ దారం కంటికి కనిపించదు, వదులుగా ఉండి కాలికి చుట్టుకుంటుంది. పక్షి విడిపించుకోవడానికి తన్నుకున్న కొద్దీ అది మాంసంలోకి దిగుతుంది. నీరుకట్టు పాము వల కన్నులోంచి, అంటే వల రంధ్రంలోంచి, సగం దూరి, పొలుసులు పట్టుకొని వెనక్కి రాలేక ఎండకు మాడిపోతుంది. గుడ్లగూబలు రాత్రిపూట చిక్కుకుంటాయి. ఇది మనం కోరుకున్నది కాదు కదా!

కుంటకు వాడే వల లావైన దారంతో అల్లిన హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) వల కావాలి, ఎండకు పెళుసుబారని రకాన్ని అడిగి తీసుకోవాలి, నల్లగానో ఆకుపచ్చగానో స్పష్టంగా కనిపించాలి. కొంగలను ఆపడానికి పెద్ద కన్ను ఉన్న వల సరిపోతుంది కానీ, చిన్న లకుముకి దూరకుండా ఉండాలంటే కన్ను రెండు వేళ్ల వెడల్పుకు మించకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది బిగువు. కుంటకు అడ్డంగా, నిలువుగా జీఐ తీగలను (తుప్పు పట్టకుండా పూత వేసిన ఇనుప తీగలను) లాగి కట్టి, ఆ తీగల మీద వలను మంచం నవారులా బిగించాలి. చేతితో నొక్కి వదిలితే వెంటనే పైకి రావాలి. వల నీటి మట్టానికి కనీసం రెండు మూడు అడుగుల ఎత్తున ఉండాలి, లేకపోతే నారాయణ పక్షి వల మీదనే నిలబడి, కన్నులోంచి ముక్కు దించి చేపను పొడవగలదు. పక్కలను కూడా గట్టు వరకు దించి రాళ్లతోనో, మేకులతోనో నొక్కిపెట్టాలి. వదిలిన సందులోంచి లోపలికి నడిచి వచ్చిన కొంగ బయటికి దారి తెలియక కుంటలోనే ఉండిపోవడం వల లేకపోవడం కంటే కీడు. ఉదయం ఒకసారి, చీకటి పడే ముందు ఒకసారి వల చుట్టూ తిరిగి చూడడం వల కట్టినవారి బాధ్యత.

వల ఖర్చు భరించలేనివారు, తామర పూలు, నీటి అందం కనిపించాలని కోరేవారు కుంటకు అడ్డంగా అడుగు అడుగుకు ఒక తాడు చొప్పున లాగి కట్టవచ్చు. నీటికాకి దిగడానికి, లేవడానికి కావలసిన పరుగుకు ఈ తాళ్లు అడ్డం వస్తాయి, గద్దలకు కూడా కిందికి వాలే దారి మూసుకుపోతుంది. లకుముకిని ఇవి ఆపలేవు. తాళ్లకు తెల్లని గుడ్డ పీలికలు కట్టితే పక్షులు దూరం నుంచే వాటిని గుర్తించి తప్పుకుంటాయి. గాలిపటాల మాంజాను మాత్రం ఈ పనికి వాడకూడదు. సంక్రాంతి తరువాత చవకగా దొరుకుతుందని కొందరు దానిని కుంటల మీద కడుతున్నారు. గాజుపొడి పూసిన నైలాన్ మాంజా పక్షుల రెక్కలను, మనుషుల గొంతులను కోసిన సంఘటనల తరువాతనే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దానిని దేశమంతటా నిషేధించింది.

బత్తాయి నారు పెంచేవారి దగ్గర దొరికే షేడ్‌నెట్ మీద నాకు ప్రత్యేకమైన ఇష్టం ఉంది. కుంటలో సగానికి పైన పందిరిలా షేడ్‌నెట్ వేస్తే, ఆ నీడలో చేపలు పైనుంచి చూసే పక్షికి కనిపించవు, నీరు కూడా చల్లగా ఉంటుంది, ఆవిరి తగ్గుతుంది. చేపలు తమంతట తామే ఆ నీడ కిందికి చేరతాయి. పూర్తిగా కప్పితే మాత్రం నీటిలోని సన్నని పచ్చదనానికి ఎండ అందదు. బొచ్చె, రవ్వ వంటి చేపల మేతకూ, పగటిపూట నీటిలో ప్రాణవాయువు పుట్టడానికీ ఆ పచ్చదనమే ఆధారం. లేత ఆకుపచ్చగా ఉన్న నీళ్లలో పక్షికి చేప కనిపించదు కాబట్టి, కుంట అద్దంలా తేటగా ఉండాలని పట్టుబట్టకపోవడం చేపలకే మంచిది.

కుంట అడుగున దాగే చోట్లు ఉండాలి. పగిలిన కుండలు, బోర్లించిన బంగళా పెంకులు, రెండు చివరలూ తెరిచి ఉన్న సిమెంటు గొట్టాలు, పాత పీవీసీ పైపు ముక్కలు వేస్తే, నీడ కదలగానే చేపలు వాటిలోకి దూరతాయి. నీటికాకి తరిమినప్పుడు చేపను కాపాడేది ఇటువంటి ఇరుకు చోటే, మరొకటి కాదు. అంచులు చేప ఒంటిని కోయకుండా రాకి నునుపు చేయాలి. తామర, కలువ ఆకులు నీటి పైభాగంలో మూడో వంతు నుంచి సగం దాకా కప్పితే చాలు. గుర్రపుడెక్కను మాత్రం ఇంటి కుంటలోకి రానివ్వకూడదు. అది కొద్ది వారాల్లోనే కుంటనంతా కప్పివేసి, రాత్రిపూట నీటికి గాలి తగలకుండా చేసి, చేపలకు ఊపిరాడనివ్వదు.

ఏ చేపను, ఎంత సైజులో వదులుతున్నామన్నది కూడా ఆలోచించాలి. రాష్ట్రంలో చెరువులకు ఉచితంగా పంపిణీ చేసే చేపపిల్లల్లో 35 నుంచి 40 మిల్లీమీటర్లవి, 80 నుంచి 100 మిల్లీమీటర్లవి అని రెండు రకాలు ఉంటాయి. మొదటి సైజు పిల్ల చిన్న లకుముకికి సరిగ్గా ఒక ముద్ద. విశాలమైన చెరువులో కొన్ని పోయినా లెక్కలోకి రాదు కానీ, ఇంటి కుంటలో వదిలే కొద్దిపాటి పిల్లలు వారం రోజుల్లోనే కరిగిపోతాయి. చిన్న పిల్లలు తెచ్చుకుంటే, దోమతెర వంటి గుడ్డతో కుట్టిన హాపాను నాలుగు గుంజలకు కట్టి, పైన కూడా మూసి, అరచేతి పొడవు వచ్చేదాకా అందులోనే పెంచి ఆ తరువాత వదలాలి. బొచ్చె పైపొరలో మేస్తుంది, రవ్వ నడిమి నీళ్లలో, మృగాల అనే చేప అడుగున తిరుగుతాయి. అందుకే పక్షుల బెడద ఉన్న కుంటలో ముందుగా తగ్గేవి బొచ్చె పిల్లలే. ఎర్రగా, తెల్లగా మెరిసే కోయి చేపలు, గోల్డ్‌ఫిష్‌లు ఎంత ఎత్తు నుంచైనా కనిపిస్తాయి కాబట్టి వాటిని పెంచేవారు వల లేకుండా పెంచాలనుకోకూడదు. మన రాష్ట్ర చేప కొర్రమీను గురించి చాలామంది అడుగుతారు. అది గట్టి ప్రాణమే కానీ, గాలి పీల్చుకోవడానికి తరచుగా నీటి పైకి రాక తప్పదు, దాని పిల్లలు నారింజ రంగులో గుంపుగా పైపొరలోనే తిరుగుతాయి. పైగా పెద్ద కొర్రమీను తోటి చేపల పిల్లలను తింటుంది. దానిని విడిగా, వల కిందనే పెంచాలి.

మేత వేసే పద్ధతి గురించి ఒక్క మాట. రోజూ అదే అంచు దగ్గర మేత వేస్తే చేపలు మనిషి నీడకు బెదరడం మానేసి పైకి వస్తాయి, ఒడ్డున నిలిచిన కొంగ నీడకు కూడా అలాగే వస్తాయి. మేతను లోతైన చోట, నీడ ఉన్న వైపు వేయాలి.

చేపలు పైకి రావడానికి ఇంకొక కారణం ఉంది, దానిని గుర్తించకుండా పక్షులను నిందించడం అన్యాయం. నీటిలో ప్రాణవాయువు రాత్రంతా తగ్గుతూ తెల్లవారుజామున అతి తక్కువకు చేరుతుంది. మబ్బు పట్టిన రోజుల తరువాత, మేత మిగిలి కుళ్లిన నీళ్లలో ఈ కొరత మరీ ఎక్కువ. అప్పుడు చేపలు నోళ్లు తెరుచుకొని పైపొరలో తేలుతాయి. పొద్దు పొడవక ముందే కొంగలు, గద్దలు కుంట మీదికి గుంపుగా వస్తున్నాయంటే, వాటిని తరమడం కంటే ముందు చేపలు ఎలా ఉన్నాయో చూడాలి. చేపపేను పట్టి ఒళ్లు రాసుకునే చేపలు, జబ్బుపడి ఒక పక్కకు ఒరిగి ఈదే చేపలు కూడా ముందుగా పక్షికే కనిపిస్తాయి. చెట్ల కొమ్మలు కుంట మీదికి వంగి ఉంటే వాటిని కొట్టివేయడం వల్ల లకుముకికి కూర్చునే చోటు పోవడంతో పాటు రెట్ట కూడా నీళ్లలో పడదు. చేపల ఒంటి మీద నల్లమచ్చలు తెచ్చే ఒక రకం పరాన్నజీవి గుడ్లు పక్షి రెట్టతో నీళ్లలో పడి, నీటి నత్తలలో పెరిగి, అక్కడి నుంచి చేపకు చేరి, ఆ చేపను తిన్న పక్షి కడుపులో మళ్లీ గుడ్లు పెడుతుంది. ఈ చక్రాన్ని తెంచడానికి నత్తలను ఏరివేయడం, రెట్ట పడకుండా చూడడం రెండూ పనికివస్తాయి.

దిష్టిబొమ్మలు, వేలాడదీసిన పాత సీడీలు, మెరిసే రిబ్బన్లు, టపాకాయలు మొదటి కొన్ని రోజులు పని చేస్తాయి. ఆ తరువాత పక్షులు వాటికి అలవాటు పడతాయి. చోటు మారుస్తూ ఉంటే ఇంకొన్నాళ్లు సాగుతుంది. ప్లాస్టిక్ కొంగ బొమ్మను నిలబెట్టితే నిజమైన కొంగ రాదని అమ్మేవారు చెబుతారు కానీ, కొంగలు తోటి కొంగలున్న చోట తిండి ఉందని భావించి వాలే పక్షులు, వాటిని పిలిచినట్టే అవుతుంది. వీటన్నిటికంటే పెరట్లో తిరిగే ఒక కుక్క మేలు.

పక్షులను చంపడం గురించి స్పష్టంగా చెప్పాలి. కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు, గరుడ పక్షులు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందినవి. వాటిని కాల్చడం, ఉచ్చు వేయడం, విషం కలిపిన చేపను ఎర పెట్టడం శిక్షార్హమైన నేరాలు. చట్టం సంగతి పక్కన పెట్టినా, గుళికల మందు పెట్టిన చేపను తిన్న కొంగతో ఆ విషం ఆగదు. చచ్చిన కొంగను పీకిన కుక్కకు, కాకికి, గద్దకు చేరుతుంది, చివరకు వాన నీటితో అదే కుంటలోకి వస్తుంది. ఒక కొంగను చంపితే ఖాళీ అయిన చోటికి మరొకటి వస్తుంది, ఎందుకంటే దానిని పిలుస్తున్నది మన కుంటలోని పలుచని నీరు. మన చింతచెట్ల మీద గూళ్లు కట్టుకొని పిల్లలను పెంచే ఈ పక్షులు పొలాల్లో పురుగులను, చెరువుల్లో జబ్బు చేపలను తిని మనకు చేసే మేలు కూడా తక్కువది కాదు.

ఇంత జాగ్రత్తపడినా ఎప్పుడైనా ఒక పక్షి వలలో చిక్కుకుంటే ఏం చేయాలో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. ముందుగా పిల్లలను, కుక్కను దూరంగా పంపాలి. కొంగ తన్నుకోవడమే కాక ముక్కుతో నేరుగా కంటిని చూసి పొడుస్తుంది కాబట్టి, దగ్గరికి వెళ్లేవారు కళ్లద్దాలు పెట్టుకొని, ముఖాన్ని దూరంగా ఉంచి, పక్షి తల మీద ఒక మెత్తని తువ్వాలు కప్పాలి. కళ్లు మూసుకోగానే అది చాలావరకు శాంతిస్తుంది. ముక్కును మూసి పట్టుకోవాలి కానీ ముక్కు మీది ఊపిరి రంధ్రాలను మూయకూడదు, రొమ్మును గట్టిగా అదమకూడదు, ఎందుకంటే రొమ్ము ఎగిసిపడనిదే పక్షికి ఊపిరి ఆడదు. దారాన్ని లాగి విడదీయడానికి ప్రయత్నించకుండా, కత్తెరతో వలనే కత్తిరించి, కాలికీ రెక్కకూ చుట్టుకున్న పోగులను ఒక్కొక్కటిగా తీయాలి. వల మళ్లీ కొనుక్కోవచ్చు. గాయం లేకపోతే అక్కడే నీడలో నేల మీద ఉంచి దూరం జరిగితే కొంతసేపటికి లేచిపోతుంది. రెక్క వాలిపోయినా, నిలబడలేకపోయినా, గాలి ఆడేలా రంధ్రాలు చేసిన అట్టపెట్టెలో చీకటిగా ఉంచి, నోట్లో నీళ్లు పోయకుండా, మండలంలోని పశువైద్యశాలకు గానీ అటవీశాఖ వారికి గానీ అదే రోజు అప్పగించాలి.